కొండకు తోలనన్న డ్రైవరు

శివరాత్రి దగ్గర పడుతుండగా ఒక పొద్దున మా డ్రైవరు ఓనరు ముందు నిలబడి, తిరునాళ్ళకు కోటప్పకొండకు బండి తోలనని చెప్పాడు. నేను టికెట్ల సంచి భుజాన వేసుకుని పక్కనే ఉన్నాను. మొదట ఆ మాట ఓనరుకు సరిగా ఎక్కలేదు. జ్వరమేమో అనుకున్నాడు.

"ఏందిరా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందయ్యా. కొండకు మాత్రం తోలను. ఆ పండగ నాళ్ళు నన్ను మాచర్ల రూటుకు పంపండి. పొద్దస్తమానం తిప్పుతా."

"శివరాత్రి నాడు మాచర్లకు ఎవడొస్తాడ్రా? పల్నాడంతా కొండకాడే ఉంటది."

"అయితే ఇంటికాడ ఉంటానయ్యా. బాప్తిస్మం తీసుకున్నోణ్ణి. ఆ తిరునాళ్ళకు జనాన్ని చేరెయ్యటం నావల్ల కాదు."

ఓనరు కేకలేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. అతని ముఖం వంక చాలాసేపు చూసి, తర్వాత నా వంక చూసి, "సరే, పోయి బండి తియ్యి" అన్నాడు. ఆ నెమ్మదితనమే నాకు నచ్చలేదు.

అప్పట్లో నరసరావుపేటలో బస్సులన్నీ ప్రైవేటువాళ్ళవే. మా ఓనరు సత్తెనపల్లి వైపు రైతు. బస్సుల మీద మోజుతో పేట చేరి, రెండు బండ్లు మాచర్ల రూటులో తిప్పుతున్నాడు. షెడ్డు వ్యవహారం అల్లుడు చూసేవాడు. అదే రూటులో మాకంటే పెద్ద కంపెనీ మరొకటి ఉండేది. మేము ఒక స్టేజీకి చేరేసరికి వాళ్ళ బండి ముందే వచ్చి జనాన్ని ఎక్కించుకుపోతే ఆ రోజంతా మా షెడ్డులో ఎవరికీ అన్నం సహించేది కాదు. ఇక తిరునాళ్ళంటే రెండు కంపెనీలకూ యుద్ధమే. ఊరూరి నుంచి తాటిచెట్టంత ఎత్తున అలంకరించిన ప్రభలు కదిలే ఆ రోజుల్లో ఒక్క బండి ఆగినా ఏడాదంతా దెప్పుకునేవాళ్ళు.

డ్రైవరు నాకంటే పెద్దవాడు. నేను అన్నా అనేవాణ్ణి, అతను నన్ను తమ్ముడూ అనేవాడు. ఊరి చివర క్రైస్తవపేటలో ఉండేవాడు. భార్య వైపువాళ్ళు ముందునుంచీ క్రైస్తవులు. ఇతను మాత్రం అంతకుముందు ఎండాకాలంలోనే నాగులేటిలో మునిగి బాప్తిస్మం తీసుకున్నాడు. దానికి ముందు ప్రతి శుక్రవారం బండికి నిమ్మకాయలు కట్టిందీ, కర్పూరం వెలిగించిందీ అతనే. తిరునాళ్ళకు కొండ కింద బండి ఆపి కొబ్బరికాయ కొట్టిందీ అతనే. బాప్తిస్మం తర్వాత ఆ పని నా మీద పడింది. నేను హారతి ఇస్తుంటే అతను కాస్త దూరంగా వేపచెట్టు కింద నిలబడి, పొగ ఆరాక వచ్చి స్టీరింగు పట్టుకునేవాడు. ఓనరు దానికేమీ అనలేదు. కర్పూరం ఎవడైనా వెలిగిస్తాడు, ఇట్లాంటి చెయ్యి ఉన్న డ్రైవరు ఎక్కడ దొరుకుతాడు అనేవాడు. కానీ కర్పూరం వెలిగించకపోవటం వేరు, బండి తోలకపోవటం వేరు.

ఆ సాయంత్రం ఓనరు నన్ను షెడ్డు వెనక్కి పిలిచాడు. అల్లుడు కూడా అక్కడే ఉన్నాడు.

"మతమూ లేదు, గితమూ లేదు," అన్నాడు అల్లుడు. "వాణ్ణి అవతల కంపెనీవాళ్ళు తిప్పుకున్నారు. పండగ నాడు మన బండి ఆగితే ఎవరికి లాభమో చిన్నపిల్లోణ్ణి అడిగినా చెప్తాడు."

ఓనరు నా వైపు తిరిగాడు. "నువ్వు రోజూ వాడి పక్కనే ఉంటావు. కాస్త కనిపెట్టి చూడు."

"చూస్తాలెండి" అన్నాను.

చూడటం మొదలుపెట్టాక మనిషి నిజంగానే వేరేగా కనిపించాడు. బండి ఎక్కేముందు బానెట్ ఎత్తి ఇంజను చప్పుడు వినటం అతనికి మొదటినుంచీ అలవాటు. నిన్నటిదాకా దాన్ని జాగ్రత్త అనుకున్నవాణ్ణి, ఇప్పుడు దాంట్లో ఎత్తు వెతికాను. గురజాలలో బండి ఆగితే హోటలుకు రాకుండా సీట్లోనే కూర్చుంటే, ఎవరికోసం చూస్తున్నాడా అనుకున్నాను. పెదాలు కదుపుతుంటే ప్రార్థనా, లెక్కలా అనుకున్నాను. పిడుగురాళ్ళ స్టాండులో ఒక మధ్యాహ్నం అవతల కంపెనీ చెకింగ్ ఇన్‌స్పెక్టరు అతన్ని పక్కకు పిలిచాడు. ఇద్దరూ గోడ నీడన నిలబడి మాట్లాడుకుంటున్నారు. నేను దగ్గరికి వెళ్ళేసరికి మాట ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు నాకు నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు. అంతకుముందు ఎప్పుడూ పెట్టినవాడు కాదు.

"ఎవరాయన అన్నా?" అన్నాను, ఎవరో తెలిసి కూడా.

"మా చర్చికొచ్చే ఆయన. మా ఆడమనిషికి ఒంట్లో ఎట్టుందని అడుగుతన్నాడు."

అతని భార్యను ఆ పొద్దునే కుళాయి దగ్గర చూశాను. రెండు బిందెలు ఎత్తుకుని చకచకా నడుస్తోంది. ఓనరుకు ఆ సంగతి చెప్పలేదు. చెప్పవలసిన అవసరం రాలేదు, మా రెండో బండి కండక్టరు అప్పటికే ఆ వార్త చేరవేశాడు.

ఓనరుకు ఒక ఆలోచన వచ్చి, క్రైస్తవపేట పాస్టరుగారిని కబురు పెట్టి పిలిపించాడు. పెద్దాయన సైకిలు మీద వచ్చారు. షెడ్డులో బల్ల తుడిచి కూర్చోబెట్టారు. డ్రైవరు కాస్త ఎడంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సంగతంతా విని పాస్టరుగారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"బండి తోలటం అతని ఉద్యోగం. గుళ్ళోకి పోయి మొక్కమంటే తప్పుగానీ, జనాన్ని దించి రావటంలో తప్పేముందండీ. మా వాక్యంలో అట్లా ఎక్కడా లేదు."

ఓనరు అల్లుడి వంక చూశాడు. ఇప్పుడేమంటావన్నట్టు డ్రైవరు వంక చూశాడు.

"అయ్యగారి మాట అయ్యగారిది," అన్నాడు డ్రైవరు. "నేను తోలను."

పాస్టరుగారి ముఖం చిన్నబోయింది. సైకిలు తీసుకుంటూ ఆయన కూడా అతన్ని ఒకసారి ఎగాదిగా చూశారు. సొంత పాస్టరు తప్పు లేదన్న పనిని ఎవడైనా మతం పేరు చెప్పి మానుకుంటాడా? అప్పటిదాకా కొంచెం ఊగిసలాడిన నా మనసు ఆ రోజుతో ఒక వైపుకు ఒరిగింది.

చిలకలూరిపేట నుంచి ఒక లారీ డ్రైవరును పిలిపించారు. మిల్లులకు పత్తి బేళ్ళు తోలే మనిషి. పండగ ముందు రోజు సాయంత్రం బండి కడిగి, అరటి బోదెలు కట్టి, బంతిపూల దండ వేశాం. మా డ్రైవరు తనంతట తానే వచ్చి కొత్తాయనకు బండి చూపించాడు. "సెకండు గేరు కాస్త మొరాయిస్తది, తొందరపడబాకు" అని చెప్పాడు. పోతూ పోతూ బానెట్ మీద చెయ్యి వేసి ఒక్క క్షణం నిలబడ్డాడు. అల్లుడు షెడ్డు గుమ్మంలోంచి అది చూస్తున్నాడు.

తెల్లవారేసరికి షెడ్డు ముందు జనం. తలస్నానం చేసి జుట్టు ముడేసుకున్న ఆడవాళ్ళు, భుజాల మీద పిల్లలు, కొబ్బరికాయల సంచులు. రెండో బండి ముందు బయల్దేరింది. అల్లుడు భార్యాపిల్లలతో దాంట్లోనే వెళ్ళాడు. తర్వాత మా బండి నిండింది. కొత్త డ్రైవరు హ్యాండిలు వేసి తిప్పాడు. ఇంజను దగ్గలేదు, మూలగలేదు. మళ్ళీ తిప్పాడు. షెడ్డులో రిపేర్లు చేసే మేస్త్రీ తిప్పాడు. చివరికి బానెట్ ఎత్తి, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూసిన కొత్త డ్రైవరు అట్లాగే నిలబడిపోయాడు.

"రోటరు లేదండీ."

ఆ మూత కింద వేలెడంత నల్లటి ముక్క ఒకటి ఉంటుంది. అది తిరుగుతూ ప్లగ్గులకు కరెంటు అందిస్తుంది. అది లేకపోతే బండి ఎంత తోసినా కదలదు. తనంతట తాను ఊడిపోయేది కాదు. ఎవరో తీయాలి.

ఓనరు ముఖం నల్లబడింది. "నిన్న బానెట్ మీద చెయ్యేసి నిలబడ్డాడంట. మా అల్లుడు చెప్తానే ఉన్నాడు." వెంటనే నన్నూ, ఇద్దరు షెడ్డు మనుషులనూ క్రైస్తవపేటకు పంపాడు. ఇల్లు వెతికి, మనిషిని వెంటబెట్టుకు రమ్మన్నాడు.

మేము వెళ్ళేసరికి డ్రైవరు అరుగు మీద కూర్చుని చెప్పుకు తెగిన పట్టీ కుట్టుకుంటున్నాడు. భార్య గోంగూర తుంచుతోంది.

"ఏంది తమ్ముడూ, బండి ఇంకా పోలేదా?"

"రోటరు కనపడలా అన్నా. ఓనరు ఇల్లు ఎతకమన్నాడు."

అతను సూది పక్కన పెట్టాడు. భార్య వంక చూసి, నా వంక చూసి, "ఎతకండి" అన్నాడు.

షెడ్డు మనుషులు లోపలికి వెళ్ళారు. ఉట్టి మీద కుండలు దించారు. బియ్యంలో చేతులు పెట్టారు. రేకు పెట్టె తెచ్చి నడిమింట్లో బోర్లించారు. చీరలు, పిల్లల చొక్కాలు, అట్ట చిరిగిన బైబిలు, వాటి మధ్య మడత పెట్టిన కొత్త ఖాకీ గుడ్డ. షెడ్డు మనిషి ఒకడు దాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. మా బండ్ల మీద పనిచేసేవాళ్ళం ఎవరి గుడ్డలు వాళ్ళం వేసుకునేవాళ్ళం. ఖాకీ వేసేది అవతల కంపెనీవాళ్ళు.

"ఇదెక్కడిది?"

"కొనుక్కున్నా."

"ఎందుకు?"

"కట్టుకునేదానికి."

రోటరు దొరకలేదు. భార్య వంగి బైబిలు తీసుకుని, కొంగుతో తుడిచి, ఒళ్ళో పెట్టుకుంది. బయట ఇరుగుపొరుగు చేరారు. ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని, "ఏం పోయిందయ్యా మీది? పండగ పూట మా పేటకొచ్చి ఎతుకుతున్నారు. ఇంకేం చేద్దామని?" అంది. ఆమె కళ్ళలో నా మీదున్న అనుమానం, నాకు డ్రైవరు మీదున్న అనుమానం కంటే తక్కువేమీ కాదు.

షెడ్డుకు తీసుకొచ్చాం. ఖాకీ గుడ్డ సంగతి కూడా ఓనరు చెవిన పడింది.

"ఎక్కడ పెట్టావురా?"

"నేను తియ్యలేదయ్యా."

"స్టేషనుకు పంపితే చెప్తావు."

"పంపండి."

బండిలో కూర్చున్నవాళ్ళు ఒకరొకరుగా దిగిపోతున్నారు. రోడ్డు మీద అవతల కంపెనీ బండ్లు హారన్లు కొట్టుకుంటూ వచ్చి వాళ్ళను ఎక్కించుకుపోతున్నాయి. ప్రతి హారనుకూ ఓనరు దవడలు బిగుసుకుంటున్నాయి. చివరికి ఆయనే దిగివచ్చాడు.

"పోనీ, ఇట్లా చెయ్యి. మేస్త్రీలందరూ నీకు తెలుసు. ఎక్కడో ఒకచోట రోటరు అడిగి తెచ్చి బిగించు. బండి కదిలితే ఇంకేమీ అడగను. తీసింది నువ్వే అయినా సరే, వదిలేస్తా."

డ్రైవరు బండి వంక చూశాడు. అరటి బోదెలు అప్పటికే ఎండకు వాడుతున్నాయి.

"ఇంకో రోజైతే పరుగెత్తుకుని పోయి తెస్తానయ్యా. ఇయ్యాళ తేను."

నాకు ఒళ్ళు మండింది. చెయ్యని తప్పు మెడకు చుట్టుకుంటుంటే ఎవడైనా ఇంత మొండిగా ఉంటాడా? తీసినవాడే ఇట్లా నిలబడగలడు అనుకున్నాను. షెడ్డులో ఉన్న అందరూ అదే అనుకున్నారని వాళ్ళ ముఖాలే చెప్తున్నాయి. ఓనరు ఒక మనిషిని స్టేషనుకు పొమ్మని చెప్తుండగా రెండో బండి జనాన్ని దించి కొండ నుంచి తిరిగి వచ్చింది. అది ఆగీ ఆగకముందే అల్లుడు దూకాడు.

"ఏంది మామా, బండి ఇంకా ఇక్కడే ఉంది? ఎదురొస్తదేమోనని ఎల్లమంద కాణ్ణించీ చూసుకుంటా వచ్చా."

"రోటరు ఎత్తుకుపోయాడు, దొంగనాయాలు."

అల్లుడి చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. అక్కడే ఆగింది. జేబులోంచి జేబురుమాలు తీసి, ముడి విప్పాడు. దాంట్లో రోటరు.

"నేనే తీశా మామా. చీకటిపడ్డాక వచ్చి వాడేమన్నా చేస్తాడేమోనని తీసి పెట్టుకున్నా. పొద్దున కొత్తాయనకిచ్చి పోదామనుకున్నా. పిల్లల హడావుడిలో…"

కొత్త డ్రైవరు దాన్ని అందుకుని బిగించాడు. హ్యాండిలు ఒక్కసారి తిప్పగానే ఇంజను అందుకుంది.

"ఎక్కండి, ఎక్కండి" అన్నాడు ఓనరు, డ్రైవరు వంక చూడకుండా.

డ్రైవరు బండికి అడ్డం రాలేదు. ఓనరు పక్కకు వచ్చి నిలబడి అడిగాడు. "అయ్యా, మా ఇంట్లో కింద పోసినయ్యన్నీ ఎవరు సర్దాల?"

"సాయంత్రం మాట్లాడదాంలేరా" అన్నాడు ఓనరు.

నేను విజిలు వేశాను. బండి కదిలింది. అల్లుడు దారిపొడుగునా నా పక్కనే ఫుట్‌బోర్డు మీద నిలబడ్డాడు. సిగ్గుపడ్డాడనుకున్నాను. కొండ కనపడుతుండగా నా చెవి దగ్గరికి వంగి, "రోటరు సంగతి సరే. ఆ ఖాకీ గుడ్డ సంగతేంది?" అన్నాడు.

ఆ సాయంత్రం ఎవరూ ఏమీ మాట్లాడలేదు. తిరునాళ్ళు అయిపోయాక డ్రైవరు ఎప్పటిలాగే వచ్చి స్టీరింగు పట్టుకున్నాడు. మా ఇద్దరి మధ్య మాటలు తగ్గిపోయాయి. రైట్, హోల్డాన్, అంతే. ఈస్టరు వెళ్ళాక ఒక రోజు తాళం ఓనరు బల్ల మీద పెట్టి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు పిడుగురాళ్ళ రోడ్డులో అవతల కంపెనీ బండి ఎదురొచ్చింది. స్టీరింగు దగ్గర అతనే, ఖాకీ చొక్కాలో. అది ఆ పెట్టెలో గుడ్డేనా కాదా అని బండి దాటిపోయేదాకా తల తిప్పి చూశాను.

"నేను చెప్పలా?" అని బండి ఎక్కిన ప్రతి ప్రయాణికుడితోనూ ఓనరు అనేవాడు. నేను కూడా అవునన్నాను. భార్యకు ఒంట్లో బాగాలేదన్న అబద్ధం, గోడ నీడన మాటలు, ఖాకీ గుడ్డ, అన్నీ ఒకదానికొకటి సరిగ్గా అతికాయి.

మళ్ళీ శివరాత్రి వచ్చింది. కొండ కింద అవతల కంపెనీ బండి వచ్చినప్పుడల్లా నేను స్టీరింగు దగ్గర ఎవరున్నారా అని చూశాను. ఇప్పుడెట్లా తోలతాడో చూద్దామని. ఒక్క బండిలోనూ అతను లేడు. చివరికి వాళ్ళ కండక్టరు ఒకణ్ణి అడిగాను.

"ఆయనా? ఖాళీ బండేసుకుని మాచర్ల పోయాడు. చేరేటప్పుడే షరతు పెట్టాడుగా, కొండకు తోలనని. మొన్నటి క్రిస్మసు కాదు, అంతకుముందు క్రిస్మసప్పుడే మా ఇన్‌స్పెక్టరుతో ఆ మాట ఒప్పించుకున్నాడు."

క్రిస్మసు. అంటే మా ఓనరు ముందు నిలబడి తోలనని చెప్పకముందే. ఓనరు అనుమానం నిజమే. కానీ కొండకు తోలనన్నదీ నిజమే. ఈ రెండూ నా బుర్రలో ఒకచోట ఇమడలేదు.

ఎండలు ముదిరాక పిడుగురాళ్ళలో మా రెండు బండ్లూ ఒకేసారి ఆగాయి. టీ హోటల్లో అతని ఎదురుగా వెళ్ళి కూర్చున్నాను.

"అన్నా, మా బండి తోలేటప్పుడే వాళ్ళతో మాట్లాడుకున్నావంట గదా."

"మాట్లాడుకున్నా," అన్నాడు టీ ఊదుకుంటూ. "తోలనంటే మీ ఓనరు తీసేస్తాడని ముందే తెలుసు. పిల్లలున్నోణ్ణి. ఇంకో చోటు చూసుకోకుండా నోరెట్టా తెరుస్తా?"

"మరి ఆ రోజు నాకు అబద్ధం చెప్పావు. వదినకు బాగాలేదని."

"నువ్వు నన్ను కనిపెడతన్నావని తెలుసు తమ్ముడూ."

నేను గ్లాసు వంక చూశాను. ఇంకో మాట అడిగాను. "పాస్టరుగారే తప్పులేదన్నారు గదన్నా. మరి ఎందుకంత పట్టుబట్టావు?"

అతను హోటలువాడు అవతలికి పోయేదాకా ఆగాడు.

"అయ్యగారు ఆ తిరునాళ్ళకు ఎప్పుడూ పోలేదు. నేను పోయా. నా చిన్నతనం నుంచీ పోయా. మావాళ్ళమంతా కొండెక్కకుండా కింద నిలబడే దణ్ణం పెట్టేవాళ్ళం. ప్రభలు కదిలి, ఆ డప్పులు మోగి, చేదుకో కోటయ్యా అని అంతమంది ఒక్కసారి అరిస్తే, నా చేతులు వాటంతటవే లేస్తయ్యి తమ్ముడూ. లేవకుండా పట్టుకోటం నావల్ల కాదు. నాగులేట్లో మునిగినోణ్ణి, మళ్ళీ అక్కడ చేతులెత్తితే ఇటూ కాను, అటూ కాను. ఈ మాట అయ్యగారికి చెప్పేది కాదు. మీ ఓనరుకు చెప్పేది అంతకంటే కాదు."

అవతల వాళ్ళ కండక్టరు విజిలు వేశాడు. అతను గ్లాసు దింపి, తువ్వాలుతో మూతి తుడుచుకుని లేచాడు. అతని మాట నమ్మానా అంటే, ఆ పూట నమ్మాను. సాయంత్రం షెడ్డుకు వెళ్ళేసరికి అల్లుడి ముఖం చూస్తుంటే మళ్ళీ కొంచెం అటూ ఇటూ అయింది. ఎవరికీ మాత్రం చెప్పలేదు.

తర్వాత రూట్లన్నీ ప్రభుత్వం తీసుకుంది. మా ఓనరు పొలం దారి పట్టాడు. నేనూ అతనూ ఒకే డిపోలో పడ్డాం. అక్కడ శివరాత్రి డ్యూటీ తప్పించుకోవటం అంత తేలిక కాదు. అతను ఒక సాయిబు డ్రైవరుతో మాట చేసుకున్నాడు. శివరాత్రికి ఇతని కొండ డ్యూటీ ఆయన తోలేవాడు, రంజాన్ పండగకు ఆయన డ్యూటీ ఇతను తోలేవాడు. ఏటా అదే వరస. అది చూసి డిపోలో డ్యూటీలు వేసే గుమాస్తాకు నిద్ర పట్టేది కాదు. ఒకనాడు నన్ను కిటికీ దగ్గరికి పిలిచాడు.

"వాళ్ళిద్దరి మతలబు ఏందయ్యా? నీకు తెలిసే ఉంటది."

తెలిసినంతవరకు చెప్పాను. ఆయన కలం చెవికి పెట్టుకుని అంతా విన్నాడు.

"అంతేనా?" అన్నాడు.

"అంతేనండీ."

ఆయన తల ఊపి మళ్ళీ కాగితాల్లోకి వంగాడు. నమ్మినట్టు మాత్రం నాకు కనిపించలేదు.